పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు సార్ అది

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన నెల మీ జిల్లా ఎడిషన్‌లో ఒక కల్యాణ మండపంలో జరిగిన దొంగతనం గురించి వార్త వేశారు. పెళ్లికూతురి గదిలో పెట్టిన నగల బ్యాగు పోయింది. అప్పటికి ఎవర్నీ పట్టుకోలేదు, గుర్తుతెలియని వ్యక్తుల మీదే కేసు రాసుకున్నారని మీ వార్తలోనే ఉంది, అయినా హెడ్డింగులో, దొంగల ఊరని ముద్రపడ్డ ఎరుకలవాళ్ల ఊరు స్టువర్టుపురం పేరు పెట్టి పక్కన ప్రశ్నార్థకం తగిలించారు. చివర్లో మీ విలేకరి "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు పెద్దలు" అని సామెత కూడా కలిపారు. తొమ్మిది రోజుల తర్వాత లోపలి పేజీలో, టెండరు ప్రకటనల కింద, నాలుగు లైన్లు వచ్చాయి. నగలు తీసింది పెళ్లివారి బంధువేనట, ఆన్‌లైన్ బెట్టింగులో అప్పులపాలై ఆ పని చేశాడట. ఆ నాలుగు లైన్లలో ఆయన ఊరు లేదు, కులం లేదు, సామెతా లేదు.

రెండు వార్తలూ కత్తిరించి డైరీలో పక్కపక్కన అంటించుకున్నాను. కోపంతోనే రాస్తున్నాను, దాచుకోను. ముప్పై రెండేళ్లు హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ని, ఎక్కువ కాలం చీరాల, బాపట్ల వైపే పనిచేశాను, స్టువర్టుపురం పిల్లలకు పాఠం చెప్పాను. మనిషి దొంగతనం ఎందుకు చేస్తాడంటే మీ పేపరు చెప్పే జవాబు ఒక్కటే, వాడి రక్తంలో ఉంది అని. ఆ జవాబు తప్పు. పైగా ఆ జవాబే ఎంతోమందిని దొంగతనంలోకి తోసింది, దానికి మన జిల్లాలోనే వందేళ్ల చరిత్ర ఉంది.

దొంగతనం జరిగినవాళ్ల బాధ తెలియక మాట్లాడుతున్నానని మాత్రం అనుకోకండి. 1989లో మా అక్కయ్య మద్రాసు నుంచి వస్తుంటే తెల్లవారుజామున కిటికీలోంచి చెయ్యి పెట్టి మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ గీరుకుపోయి నెల రోజులు మచ్చ ఉంది. ఇప్పటికీ రైలెక్కితే కిటికీ పక్కన కూర్చోదు, కొంగు మెడ చుట్టూ బిగించుకుంటుంది. చేసినవాడికి శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఒకప్పుడు ఆ ఊళ్లో దొంగల ముఠాలు ఉండేవన్నదీ నిజమే, కాదని నేను అనను. ఎందుకు ఉండేవి అన్నదే నా ప్రశ్న.

శ్రీనివాసుడు పద్మావతిని పెళ్లాడాలనుకున్నప్పుడు ఏ వేషంలో ఆకాశరాజు కోటకు వెళ్లాడు? ఎరుకలసాని వేషంలో. "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అంటూ వస్తే ధరణీదేవి లోపలికి పిలిచి పీట వేసి కూర్చోబెట్టింది. దొంగ అని తరమలేదు. ఎరుకలవాళ్లంటే మన పూర్వులకు ఎరుక చెప్పేవాళ్లు, బుట్టలు, చాటలు, గంపలు అల్లేవాళ్లు, పందులు పెంచేవాళ్లు, అన్నింటికన్నా ముఖ్యంగా ఉప్పు మోసేవాళ్లు. సముద్రపు ఒడ్డున ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి జిల్లాలకు తీసుకెళ్లి అమ్మి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవారు. రోడ్లు లేని ఊళ్లకు కూడా ఉప్పు చేరిందంటే వీళ్ల వల్లే. ఊరూరా తిరగడం వాళ్ల వ్యాపారం, ఆ తిరగడాన్నే తర్వాత నేరం కింద రాసుకున్నారు.

1856లో మద్రాసు నుంచి ఆర్కాటు వైపు మొదటి రైలు నడిచింది, ఆ తర్వాత పట్టాలు లోపలి జిల్లాలకు పాకాయి. గూడ్సు బండి మోసే ఉప్పు ముందు గాడిద మోసే ఉప్పు ఎంత? ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం అప్పటికే ఉంది. ధాతు సంవత్సరపు కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా, బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ఎండిపోయాయి, మనుషులే తినడానికి లేక చచ్చిపోతుంటే ధాన్యం వ్యాపారం ఎక్కడిది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక వెదురుకూ ఈతాకుకూ పశువుల మేతకూ అడివిలోకి పోవాలంటే గార్డు అడ్డం. ఉప్పు పోయింది, ధాన్యం పోయింది, బుట్టకు వెదురు పోయింది. పాతికేళ్లలో ఒక జాతి బతుకుతెరువు మొత్తం పోతే ఆ జనంలో కొందరు దారి దోపిడీలకు దిగారంటే కారణం వాళ్ల రక్తంలో వెతకాలా, ఆ పాతికేళ్లలో వెతకాలా?

తెల్లదొరలు రక్తంలోనే వెతికారు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. ఈ దేశంలో నేతగాడి కొడుకు నేతగాడైనట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడు, అది వాళ్ల కులవృత్తి అన్నది దాని వెనకున్న ఆలోచన. అదే కాలంలో, 1876లో, ఇటలీలో లాంబ్రోజో అనే డాక్టరు ఖైదీల పుర్రెలూ దవడలూ చెవులూ కొలిచి నేరస్తుడు పుట్టుకతోనే అలా పుడతాడని పుస్తకం రాశాడు. ఆ కొలతలను తర్వాతి శాస్త్రజ్ఞులు ఏనాడో కొట్టిపారేశారు. మీ విలేకరి రాసిన సామెత మాత్రం ఇంకా ఆ పుర్రెల దగ్గరే ఆగిపోయింది.

1911లో ఆ చట్టాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. దాన్ని పట్టుకుని, ఆ జాతులను నిఘాలో ఉంచే సెటిల్‌మెంట్లను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద బాపట్ల, చీరాల మధ్య ఒక సెటిల్‌మెంటు వెలిసింది, అదే స్టువర్టుపురం. తాడేపల్లి దగ్గర సీతానగరం, కావలి వైపు కప్పరాళ్లతిప్ప కూడా అలా వెలిసినవే. వేర్వేరు చోట్ల నుంచి కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టారు. వేలిముద్రలు తీసుకుని రిజిస్టరు రాశారు. హాజరు వేయించుకోవాలి, పక్క ఊళ్లో చుట్టాల పెళ్లికి పోవాలన్నా పాసు ఉండాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టం సర్కారుకు ఇచ్చింది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కావలసి వస్తే ఈ సెటిల్‌మెంటు నుంచి మనుషులు వెళ్లేవారు. పాసు లేకుండా బయటికి పోలేని మనిషి కూలి రేటు గురించి ఏం బేరమాడగలడు?

హాజరుకు రాకపోతే అదే నేరం. పాసు లేకుండా గీత దాటితే అదే నేరం. ఏమీ దొంగిలించని మనిషి, జ్వరంతో ఉన్న తల్లిని చూడ్డానికి పోయినవాడు కూడా జైలుకు పోయి వస్తే రిజిస్టర్లో "పాత నేరస్తుడు" అయ్యేవాడు. తర్వాత ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ పాత నేరస్తుణ్నే పట్టుకొచ్చేవారు. మనం "కేడీ" అని తిడుతుంటాం కదా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? పోలీసు రికార్డుల్లో "నోన్ డెప్రెడేటర్" అని రాసుకునే పేరులోని రెండు పొడి అక్షరాలే కేడీ. పోలీసు రిజిస్టరు మాట మన నోట్లో తిట్టయింది, ఇప్పుడు పసిపిల్లల్ని కూడా ముద్దుగా కేడీ అంటున్నాం.

హోవార్డ్ బెకర్ అని షికాగోలో పియానో వాయిస్తూ చదువుకుని సమాజ శాస్త్రజ్ఞుడైన ఒకాయన 1963లో ఈ సంగతే తేల్చి చెప్పాడు. ఒక పని నేరం కావడం ఆ పనిలోనే లేదు, దాన్ని నేరమని పేరు పెట్టేవాళ్ల చేతిలో ఉంది, ఆ పేరు ఎవరి మీద అతుక్కుంటే వాడు మిగతా సమాజానికి బయటివాడైపోతాడు అన్నాడు. అంతకు ముందే ఎడ్విన్ లెమెర్ట్ అనే మరో సమాజ శాస్త్రజ్ఞుడు ఇంకో మాట చెప్పాడు. మొదటి తప్పు వేరు, లోకం దొంగ అన్నాక ఆ పేరుకు తగ్గట్టు బతకడం మొదలుపెట్టి చేసే తప్పులు వేరు అని. బీఈడీలో ఇవి చదివి పరీక్ష రాసి మర్చిపోయాను. అర్థమైంది మాత్రం ఒక రోజు నా క్లాసులోనే.

1990లలో నేను పనిచేసిన ఒక స్కూల్లో పదో తరగతి పరీక్ష ఫీజులు వసూలు చేస్తున్నాం. క్లాస్ లీడరు డబ్బు జామెట్రీ బాక్సులో పెట్టి ఇంటర్వెల్‌కు పోయాడు, తిరిగొచ్చేసరికి మూడు వందల నలభై రూపాయలు లేవు. హెడ్మాస్టరు గారు క్లాసులోకి వచ్చారు, ఆయన ఇంకా నోరు తెరవలేదు, ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు తనంతట తానే లేచి నిలబడ్డాడు. స్టువర్టుపురం పిల్లాడు. లెక్కల్లో చురుకు, మాట తక్కువ. జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. బస్సు పాసు, సగం అరిగిన రబ్బరు, నాలుగు చింతగింజలు. తర్వాత సంచి తీసుకొచ్చి టేబుల్ మీద బోర్లించి, పుస్తకాలు ఒక్కొక్కటీ దులిపి చూపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలవాటైన పని చేసినంత నెమ్మదిగా చేశాడు. వాడికి అప్పటికి పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో వాడు ఎన్నిసార్లు ఇలా జేబులు బయటికి లాగి ఉంటాడు?

మిగతా అరవై మందిలో ఎవరి జేబులూ వెతకలేదు. సాయంత్రం ఆ డబ్బు ఆఫీసు గదిలో అటెండెన్సు రిజిస్టరు మధ్య దొరికింది, లీడరే అక్కడ పెట్టి మర్చిపోయాడు. ఎవరమూ ఆ పిల్లాడికి సారీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు, పరీక్ష రాయలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక కొత్త అపార్టుమెంటు దగ్గర కనిపించాడు, సెంట్రింగ్ మేస్త్రీ, కింద పదిమంది పనివాళ్లు. కాళ్లకు దండం పెట్టబోతే పట్టుకుని ఆపాను. టీ తాగుతూ నన్ను అడిగింది ఒక్కటే. "మాస్టారూ, మా వాడి టీసీలో ఊరి పేరు మార్పించే వీలుంటుందా? బాపట్ల అని పెట్టిద్దామని." ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు జేబులు బయటికి లాగిన పిల్లాడు దొంగ కాలేదు, కష్టపడి మేస్త్రీ అయ్యాడు, అది వాడి గట్టిదనం. ఇంకో పిల్లాడైతే ఏమయ్యేవాడో నాకు తెలియదు. దొంగతనం చేసినా చేయకపోయినా పడేది అదే చూపు అయినప్పుడు, ఎవరో ఒకరు రాత్రిపూట పిలిస్తే "పోనీ పోదాం" అనుకునే కుర్రాడు ఒక్కడైనా ఉండడా?

రక్తం సంగతి ఇంకా నమ్మేవాళ్లు షికాగోలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు చేసిన పని గురించి తెలుసుకోవాలి. కోర్టుకెక్కిన పిల్లల ఇళ్లను ఊరి మ్యాపు మీద ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటూ పోయారు. ఫ్యాక్టరీల పక్కన కూలిపోయే ఇళ్లున్న కొన్ని పేటల్లో ఎప్పుడు చూసినా పిల్లల నేరాలు ఎక్కువ. ఆ పేటల్లో మొదట జర్మన్లు, ఐరిష్‌వాళ్లు ఉన్నారు, కొంచెం సంపాదించాక వాళ్లు వేరే చోటికి పోతే ఇటలీవాళ్లు, పోలండువాళ్లు వచ్చారు, వాళ్ల తర్వాత దక్షిణాది నుంచి నల్లవాళ్లు వచ్చారు. జాతులు మారాయి, పేటలో నేరం మారలేదు. పేట వదిలి మంచి చోటికి వెళ్లినవాళ్లలో మాత్రం తగ్గిపోయింది. రక్తంలోనే ఉంటే అది మనిషి వెంట పోవాలి గదా, ఇంటి దగ్గర ఎందుకు ఉండిపోయింది?

"పేదలందరూ దొంగలా మాస్టారూ" అని నన్ను అడిగేవాళ్లుంటారు. కాదు, అసలు అందుకే పేదరికం ఒక్కటే కారణమని నేను అనడం లేదు. 1938లో రాబర్ట్ మెర్టన్ అనే ఆయన, తనూ ఫిలడెల్ఫియా పేదపేటలో పుట్టి పెరిగినవాడే, ఒక మంచి వ్యాసం రాశాడు. సమాజం అందరి ముందూ ఒకే కల పెడుతుంది, డబ్బు, ఇల్లు, నలుగురిలో పేరు. దాన్ని చేరుకునే దారి మాత్రం కొందరికే తెరుస్తుంది. దారి లేనివాళ్లలో చాలామంది ఉన్నదాంతో సర్దుకుపోతారు, కొందరు తాగుడులో పడతారు, కొందరు అడ్డదారి తొక్కుతారు. కల ఎంత పెద్దదైతే, దారి ఎంత ఇరుకైతే, అడ్డదారి తొక్కేవాళ్లు అంత పెరుగుతారు. మీ కల్యాణ మండపం కేసులో బంధువుకు తిండికి లేక కాదు కదా. ఫోను తెరిస్తే బెట్టింగు యాప్‌లో లక్షలొస్తాయని చూపించారు, జీతంలో ఆ లక్షలు లేవు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మీరే మొదటి పేజీలో వేశారు. విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెబితే ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్లిన మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ల దగ్గర పాస్‌పోర్టులు లాక్కుని, బెదిరించి, మన దేశంలో వాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. వాళ్లలో ఎవరైనా పుట్టుకతో మోసగాడా? ఉద్యోగం లేని డిగ్రీ ఆ కుర్రాణ్ని అక్కడిదాకా తీసుకెళ్లింది.

ఎడ్విన్ సదర్లాండ్ అనే అమెరికా సమాజ శాస్త్రజ్ఞుడి సంగతి మాత్రం ఒక పత్రిక సంపాదకుడిగా మీరు తప్పకుండా తెలుసుకోవాలి. నేరం ఎవరికీ పుట్టుకతో రాదు, దగ్గరివాళ్ల దగ్గర నేర్చుకుంటారు, ఎలా చేయాలో నేర్చుకుంటారు, చేస్తే తప్పు లేదని మనసుకు నచ్చజెప్పుకోవడం కూడా అక్కడే నేర్చుకుంటారు అన్నాడు ఆయన. మన పెద్దలు దీన్ని ఒక్క ముక్కలో చెప్పారు, "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని. సామెతే కావాలనుకుంటే మీ విలేకరి ఇది రాయొచ్చు కదా. ఆ సావాసం అన్నింటికన్నా ఎక్కువగా దొరికేది జైల్లో. మన దేశపు జైళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఇంకా విచారణ ఖైదీలే, నేరం రుజువు కానివాళ్లు. బెయిలుకు జామీను ఇచ్చే దిక్కులేక సెల్‌ఫోను కేసులో వెళ్లిన కుర్రాడు పదిళ్లకు కన్నం వేసినవాడి పక్కన పడుకుంటాడు. బయటికొచ్చాక ఊళ్లో ఎవరూ పని ఇవ్వరు, లోపల పరిచయమైనవాడి దగ్గర మాత్రం పని ఉంటుంది.

అదే సదర్లాండ్ 1939లో తోటి సమాజ శాస్త్రజ్ఞుల మహాసభలో అధ్యక్షుడిగా లేచి, మనం ఎంతసేపూ పేదల నేరాలే లెక్కపెడుతున్నాం, సూటూ బూటూ వేసుకున్నవాళ్ల నేరాల సంగతేమిటి అని అడిగాడు. పదేళ్లు కష్టపడి అమెరికాలో డెబ్బై పెద్ద కంపెనీల రికార్డులు తిరగేసి 1949లో పుస్తకం తెచ్చాడు. అందులో ఒక్క కంపెనీ పేరు కూడా లేదు! పరువు నష్టం దావా వేస్తారన్న భయంతో పేర్లు తీసేయించారు. ఆ పేర్లతో సహా పుస్తకం అచ్చయ్యింది 1983లో, ఆయన పోయిన ముప్పై ఏళ్లకు పైన. కంపెనీ పేరు రాయాలంటే లాయర్లు కావాలి. ఎరుకలవాళ్ల ఊరి పేరు హెడ్డింగులో పెట్టడానికి ఒక్క ప్రశ్నార్థకం చాలింది మీకు.

మన దగ్గరా అంతే జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో ఏడు వేల కోట్ల దాకా లేని డబ్బు ఉన్నట్టు చూపించారని చైర్మన్ స్వయంగా ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. షేర్లు కొన్నవాళ్లు ఎంతోమంది మునిగిపోయారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్లు జైలు వేసింది, అప్పీలుకెళ్లారు, బెయిలొచ్చింది. అప్పుడు ఏ పేపరూ వాళ్ల ఊరు పేరు పెట్టి ముఠా అని రాయలేదు, వాళ్ల పిల్లలు ఏ క్లాసులోనూ లేచి జేబులు చూపించలేదు. చూపించకూడదు కూడా. ఆ మర్యాదే అందరికీ ఇవ్వమంటున్నాను.

మద్రాసులో 1947లోనూ, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31నా క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పోయింది. ఇప్పటికీ ఆ జాతులవాళ్లు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు, మీ పేపర్లో ఆ వార్త ఎప్పుడైనా వచ్చిందేమో వెతికాను, నాకు దొరకలేదు. అయితే ఆ చట్టం పోగానే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి, మద్రాసులో 1948లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. రాతలో కులం పేరు లేదు, ఆచరణలో స్టేషన్‌కు పిలిచేది పాత రిజిస్టర్లో ఉన్న ఇళ్లనే. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో అయితే సంచార జాతుల ఖైదీలను వేరుగా చూడాలన్న రూళ్లు మొన్నటిదాకా ఉన్నాయి. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు కులాన్ని బట్టి ఖైదీలను విడదీసే ఆ రూళ్లను కొట్టేసింది. ఆ పిటిషను వేసింది ఎవరో తెలుసా? మీ వృత్తిలోని మనిషే, సుకన్య శాంత అనే జర్నలిస్టు. ఒక విలేకరి పట్టుపడితే ఏం చేయగలరో అదొక్కటి చాలు.

మార్పు సంగతి కూడా ఇదే ఊళ్లో చూశాం. 1970లలో కవి జాషువా గారి కూతురు హేమలత గారు, ఆవిడ భర్త లవణం గారు, అంటే నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి అబ్బాయి, స్టువర్టుపురం వెళ్లి ఆ కుటుంబాల మధ్య కూర్చుని పనిచేశారు. ప్రభుత్వం సహకరించింది. కులం పేరుతో తండ్రి ఎన్ని అవమానాలు పడ్డారో చూసి పెరిగిన ఆవిడకు, పేరు చెప్పగానే మొహం తిప్పుకునే లోకం ఎలా ఉంటుందో ఒకరు నేర్పక్కర్లేదు. వాళ్లు పెట్టిన సంస్థ పేరు సంస్కార్. పిల్లల చదువు, పెద్దలకు పని, కోర్టు కేసుల నుంచి బయటపడే దారి, ఇలాంటి మామూలు పనులే చేశారు. ట్రావిస్ హిర్షి అనే ఆయన 1969లో ప్రశ్ననే తిరగేశాడు, మనుషులు నేరం ఎందుకు చేస్తారని కాదు, ఎక్కువమంది ఎందుకు చేయరు అని అడగమన్నాడు. ఆయన చెప్పిన జవాబు బంధం. పోగొట్టుకోవడానికి ఉద్యోగం, ఇల్లు, బడికెళ్లే పిల్లలు, నలుగురిలో పరువు ఉన్నవాడు తప్పు చేసే ముందు వెనకా ముందూ చూస్తాడు. ఆ ఊళ్లో ఇప్పుడు టీచర్లున్నారు, ఉద్యోగస్తులున్నారు, నా విద్యార్థి లాంటి మేస్త్రీలున్నారు. వాళ్లందరి దగ్గరా పరువు ఒక్కటే ఇంకా చేతికి రాలేదు, ఎందుకంటే అది వాళ్ల చేతిలో లేదు, మీ హెడ్డింగు రాసేవాళ్ల చేతిలో ఉంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. నేరం రుజువు కాకముందు ఊరినీ కులాన్నీ హెడ్డింగులోకి తేకండి. రుజువైనా సరే, చేసినవాడి పేరు రాయండి, వాడి పక్కింటివాళ్లందరి పేరూ కలిపి రాయకండి. "పాత నేరస్తుల పనే" అని స్టేషన్‌లో ఎవరైనా చెబితే, ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు అని ఒక్క లైను అడగండి. మొదటి పేజీలో వేసిన అనుమానం తప్పని తేలితే, తప్పని కూడా మొదటి పేజీలోనే, అదే సైజులో వేయండి, టెండరు ప్రకటనల కింద కాదు. ఒక దొంగతనం జరిగినప్పుడు ఆ నిందితుడికి చదువు ఎక్కడ ఆగిపోయింది, అప్పు ఎక్కడ మొదలైంది, అంతకు ముందు ఎన్నిసార్లు ఏ కేసూ లేకుండా స్టేషన్‌కు పిలిచారు, ఇవి అడిగితే అది మరో వార్త అవుతుంది, చదివేవాళ్లకూ ఉపయోగపడుతుంది. బెట్టింగులో కొడుకు మునిగిపోతున్న తండ్రి అది చదివి జాగ్రత్తపడొచ్చు. సామెత చదివి ఆయన ఏం జాగ్రత్తపడతాడు?

ఆ వార్త రాసిన విలేకరి గారి మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదు, చిన్నవాడై ఉంటాడు, నా క్లాసులో కూర్చున్న మిగతా అరవై మందిలో ఒకడైనా కావచ్చు. ఆయన్ని ఒకసారి ఇటు పంపించండి. బాపట్లలో దిగితే స్టేషన్ దగ్గరికి నేనే వస్తాను, ఇద్దరం కలిసి స్టువర్టుపురం వెళదాం. ఎవరి ఇంట్లో కూర్చోవాలో, ఎవరితో మాట్లాడాలో నాకు తెలుసు. ఆ మేస్త్రీ ఆదివారాలు ఇంటి దగ్గరే ఉంటాడు, ముందుగా ఫోన్ చేసి చెబుతాను. వాళ్ల అబ్బాయి టీసీలో ఊరి పేరు ఇంకా మార్పించలేదు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
రిటైర్డ్ సోషల్ టీచర్,
బాపట్ల జిల్లా